ప్రకాశం అంకుల్ గ్వారానా టీ

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీ కెటిల్ తెచ్చి నా చేతిలో పెట్టారు, అదీ ప్రకాశం అంకుల్ చూస్తుండగా. డార్మ్‌స్టాట్‌లో మా తెలుగు సహవాసం మొదలైన రోజు నుంచి, అంటే నేను అంగన్‌వాడీకి వెళ్లే రోజుల నుంచి, ఆ కెటిల్ ఆయనది. నేను మాస్టర్స్ చదవడానికి వచ్చి ఏడాదిన్నర అయింది. నా టీ ఎలా ఉంటుందో నాకే తెలుసు.

జరిగిందేమిటంటే, అంతకు ముందు ఆదివారం అంకుల్ ఎప్పట్లాగే టీలో తన గ్వారానా పొడి కలిపాడు. కాసేపటికి కృపాల్ అన్న అత్తగారు, ఒంగోలు నుంచి వచ్చి వారం కూడా కాలేదు, గుండె దడ అంటూ కుర్చీలో కూలబడింది. అంబులెన్స్ వచ్చింది. ఆవిణ్ణి తీసుకెళ్లి పరీక్షలన్నీ చేసి, భయం లేదని సాయంత్రానికి పంపేశారు. కానీ మేం వాడుకునే హాలు జర్మన్ చర్చి వాళ్లది. వాళ్ల ఆవరణలోకి అంబులెన్స్ వచ్చిందంటే ఎందుకొచ్చిందో రాసివ్వాలి. ఆ కాగితాన్ని ప్రోటోకోల్ అంటారు. మా సంఘం సెక్రటరీ ఏసుకుమారి అక్క దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, జర్మన్ బాగా వచ్చు. అన్నీ నింపింది, ‘కారణం’ అన్న చోట తప్ప. అక్కడ గ్వారానా అని పడితే కెటిల్ ఇక ఎప్పటికీ నాదే. ఇంకేదైనా పడితే అంకుల్‌కి తిరిగి వెళ్లిపోతుంది. పొడి డబ్బా తెమ్మని అక్క ముందే చెప్పింది. ఆయన గుడ్డసంచిలో తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు గానీ, ఎవరి చేతికీ ఇవ్వలేదు.

“రాయమ్మా, రాయి,” అన్నాడు. “ఇరవై రెండేళ్లు మీ అందరికీ టీ పోసిన చెయ్యి ఇది. దీని మీద రిపోర్టు రాస్తన్నారు. రాయండి. కానీ రాసే ముందు అసలు గ్వారానా అంటే ఏందో తెలుసుకుని రాయండి. ఇక్కడ ఎవరికి తెలుసు చెప్పండి? ఏం శామ్సన్, నీకు తెలుసా? కెటిల్ పట్టుకుని నిలబడ్డావుగా.”

నాకు తెలియదన్నాను.

“తెలియదు. చూశారా? తెలియనోడికి కెటిల్, తెలిసినోడికి రిపోర్టు. సరే వినండి. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తా. మూడేళ్ల కింద క్రిస్మస్ ముందు, మా కూల్‌డ్రింకుల గోడౌన్‌లో మనుషులు చాలక నాకు పగలు షిఫ్టు, దాని వెనకాలే రాత్రి షిఫ్టు వేశారు. ఫోర్క్‌లిఫ్ట్ మీద కూచుంటే కళ్లు మూసుకుపోతన్నాయి. నాతో పాటు రైముందో అని బ్రెజిల్ ఆయన పనిచేసేవాడు, ఇంచుమించు నా వయసే. ఆయన చిటికెడు పొడి నీళ్లలో కలిపిచ్చాడు. తాగా. తెల్లారిందాకా రెప్ప పడలా. అంతే. ఇందులో ఒక్క ముక్కన్నా ఎక్కువ చెప్పానా?”

“ఇప్పటిదాకా లేదు బాబాయ్,” అన్నాడు కృపాల్ అన్న. అత్తగారి పక్కనే కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“అది గ్వారానా. కాఫీ గింజలో ఉండే కెఫీన్‌కి రెట్టింపు ఉండిద్ది ఆ గింజలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. రైముందో చెప్పాక నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు? ఇన్నేళ్ల నుంచి డ్రింకుల గోడౌన్‌లో ఉన్నా, ఈ మాట నాకు ఒక్కడు చెప్పలా. ఎనర్జీ డ్రింకు డబ్బాల మీద సన్న అక్షరాలతో గ్వారానా అని ఏసుకుంటారు, లోపల చూస్తే పేరుకి నాలుగు చుక్కలు. దాన్ని కనిపెట్టినోళ్లు అమెజాన్ అడవిలో సతెరే మావే అనే జాతోళ్లు. వాళ్లు వేటకి పోయేముందు తాగుతారు, ఒంట్లో బాగోకపోతే తాగుతారు, పెద్దోళ్లు మాట్లాడుకోడానికి కూచుంటే ఒకే సొరకాయ బుర్రలో కలిపి చుట్టూ తిప్పుతారు. అంత మర్యాదగల వస్తువుని తెచ్చి ఇక్కడ ఏం చేశారో తెలుసా? చూయింగ్ గమ్ములో వేశారు. ఒళ్లు తగ్గే మాత్రల్లో వేశారు. షాంపూలో వేశారు. షాంపూలోనయ్యా. నెత్తికి నిద్రెందుకు వచ్చిద్ది?”

“షాంపూ పనిచేస్తుందా అంకుల్?” అంది సహానా. తను క్లాస్తాల్‌లో చదువుతోంది, థీసిస్ మధ్యలో రెండు రోజులు ఊపిరి పీల్చుకుందామని రైలెక్కి వచ్చింది.

“చెయ్యకేం? ఒకసారి రాశా. ఎన్నేళ్ల నుంచో పడుకున్న వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి.”

అందరం ఆయన నెత్తి వైపు చూశాం. చెవుల పైన తప్ప ఎక్కడా ఏమీ లేదు.

“చూడబాకండి. అవి ఆరు నెలలు నిద్ర లేకుండా నిలబడి నిలబడి విసుగొచ్చి వెళ్లిపోయాయి. దానికి నేనేం చేసేది? అది కాదు చెప్పేది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? మూడు వారాలు ఉర్లౌబ్, అదే సెలవు, పెట్టా. అందరూ ఉర్లౌబ్ వస్తే బాపట్ల పోయి పడుకుంటారు, నేను రైముందోని తీసుకుని బ్రెజిల్ పోయా. పడవ మీద తొమ్మిది రోజులు. గ్వారానా పండు ఎట్టా ఉండిద్దో తెలుసా? ఎర్ర తొక్క పగిలి, లోపల తెల్లటి గుజ్జు, మధ్యలో నల్ల గింజ. అచ్చం మనిషి కన్ను. తీగ నిండా గుత్తులు గుత్తులుగా కళ్లే. ఒక బిడ్డ చనిపోతే కళ్లు పాతిపెట్టారని, అక్కడ మొలిచిందే ఈ తీగని వాళ్లు చెప్పుకుంటారు. నేను తోటలో అడుగు పెట్టేసరికి ఎనిమిది ఎకరాల కళ్లు నావైపే చూస్తన్నాయి. ఎవడ్రా వీడు అన్నట్టు. నాకు తిక్క రేగింది. నేనూ చూశా. రెప్ప వెయ్యకుండా మూడు రోజులు చూశా. మూడో రోజు మధ్యాహ్నానికి తీగలే తట్టుకోలేక పళ్లన్నీ మూసేసుకున్నాయి.”

“పగిలిన పండు మూసుకుందా?” అన్నాడు కృపాల్ అన్న.

“మూసుకుంది. ఆ ఊరోళ్లు పంట కొయ్యడానికి అవి మళ్లీ తెరుచుకునేదాకా రెండు వారాలు ఆగాల్సొచ్చింది. నన్ను ఒక్క మాట అన్లా. అదీ పెద్దమనుషుల పద్ధతి. నా మీద ప్రోటోకోల్ రాయలా.”

ఏసుకుమారి అక్క తల ఎత్తకుండానే, “అన్నయ్యా, ఐదింటికి హాలు తాళాలు ఇచ్చెయ్యాలి,” అంది.

“ఇద్దాంలే. గింజలు వేయిస్తారు, దంచుతారు, నీళ్లు పోసి ముద్ద చేసి, అప్పడాల కర్రంత కడ్డీలు చేసి పొగ మీద ఆరబెడతారు. రాయిలా గట్టిపడిద్ది. దాన్ని తురుముకుని నీళ్లలో కలుపుకోవాలి. దేంతో తురుముతారు? చేప నాలుకతో. పిరరూకు అని ఒక చేప, దాని నాలుక ఎముకలా ఉండిద్ది, ఎండబెడితే ఆకురాయల్లే గరగరలాడిద్ది.”

“చేప నాలుకతోనా?” అంది సహానా.

“అది మాత్రం నిజమమ్మా,” అన్నాడు అంకుల్, మిగతాదాని సంగతి తనకి తెలియనట్టు. “వాళ్లు నాకు జానెడు నాలుక ఇచ్చారు. నా చేతికి జానెడు నాలుక ఏం సరిపోయిద్ది? చేపనే తీసుకు రండన్నా. వాళ్లు భయపడ్డారు. నేనే దిగా నదిలోకి. పన్నెండు అడుగుల చేప. చెవి పట్టుకుని పైకి లేపా.”

“చేపకి చెవులుంటాయా బాబాయ్?”

“నేను పట్టుకున్నది చెవే. నువ్వున్నావా అక్కడ? నోరు తెరవమన్నా, తెరిచింది. నాలుక మీద కడ్డీ పెట్టి బతికున్న చేప నోట్లోనే తురిమా, నాలుగు కిలోలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తురిమేటప్పుడు కాస్త పొడి దాని గొంతులోకి జారింది. ఇక అది పడుకుంటేనా. మా పడవ వెనకాలే ఈదుకుంటా వచ్చింది. సముద్రం దాకా వచ్చింది. నేను విమానమెక్కి వచ్చేశా. నెల తర్వాత ఒక పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైన్ నది వంతెన మీద నడుస్తంటే కింద నుంచి ఎవరో పిలిచినట్టైంది. చూద్దును గదా, అదే చేప. కళ్లు ఎర్రగా ఉన్నాయి పాపం.”

“నదిలో చేప సముద్రం ఎట్టా దాటింది? ఉప్పునీళ్లు కదా?”

“నిద్ర లేనోడికి ఉప్పేంది, చప్పేంది? నువ్వు మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ రోజున కప్పులో ఏం పోశారో చూసి తాగుతావా?”

అంకుల్ గొంతు ఇంకా లేచింది. ఆయన చెబుతున్నది మాకు కాదు, ఆ కాగితానికి అనిపించింది నాకు. ఒక్కో కోత అయ్యాక దానివైపు చూస్తున్నాడు, ‘కారణం’ దగ్గర ఏమైనా పడిందా అని.

“ఈ పొడితో నేనెంత మందికి మేలు చేశానో ఎవరన్నా రాశారా? చెప్తే మీరు నమ్మరని చెప్పలా. మా తమ్ముడి కొడుక్కి వీసా పొడిగించుకోడానికి ఎనిమిది నెలల నుంచి వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలా. ఏ ఊరని అడగబాకండి. నేను ఫ్లాస్కు తీసుకుని పోయా. కిటికీ వెనకాల ఆవిడ టెర్మిన్ లేకుండా మాట్లాడనంది. మాట్లాడొద్దమ్మా, టీ తాగు అన్నా. తాగింది. రెండు నిమిషాలు ఆగి, పాస్‌పోర్ట్ ఇటివ్వండి అంది. అప్పటికప్పుడు వీసా కొట్టేసింది. అదే రోజు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫ్లాస్కు వరండా అంతా తిరిగింది. నాలుగింటికల్లా మూడేళ్ల ఫైళ్లు అయిపోయాయి. ఇక పని లేక వాళ్లే జనాలకి ఫోన్లు చేసి, బాబ్బాబు కాస్త వచ్చి పోండి, ఖాళీగా ఉన్నాం అని బతిమాలుకున్నారు.”

కృపాల్ అన్న లేచి నిలబడ్డాడు. “అన్యాయం బాబాయ్. తోట కళ్లు మూసుకుందంటే నమ్మాం. చేపకి చెవులన్నావ్, నమ్మాం. సముద్రం దాటించావ్, సరే అన్నాం. అదే రోజు టెర్మినా?”

“ఫోన్ వాళ్లే చేశారా?” అంది సహానా. తన గొంతులో నిజంగా బాధ ఉంది. తన వీసా కార్డు కోసం అప్పటికి ఐదు నెలలుగా తిరుగుతోంది.

“కూచో కృపాల్. ఇంతకే లేస్తే ఎట్టా? ఇక్కడ ప్రతి మార్చిలో గడియారాలు గంట ముందుకు తిప్పుతారా లేదా? దేశం దేశమంతా పడుకుని ఉంటే ఒక గంట పట్టుకుపోతారు. ఇదేం న్యాయమని ఎవరన్నా అడిగారా? ఈ పొడి దొరికిన ఏడాది నేను పడుకోలా. ఒక చెంచా పొడి తాగి, గడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నా, ఎవడొచ్చి పట్టుకుపోతాడో చూద్దామని. మెలకువగా ఉన్న మనిషి దగ్గర నుంచి ఎట్టా తీసుకుంటారు? తీసుకోలేకపోయారు. మీ అందరికీ ఆ గంట పోయింది, నాది నా దగ్గరే ఉంది.”

“మరి అక్టోబర్లో అందరికీ తిరిగిస్తారుగా?” అన్నాడు కృపాల్ అన్న.

“ఇచ్చారు. అదీ తీసుకున్నా. ఇప్పుడు నా దగ్గర ఒక గంట ఎక్కువుంది. ఇరవై రెండేళ్లుగా మీకందరికీ... సరే, ఈ మూడేళ్లుగా మీ అందరికంటే ముందొచ్చి నీళ్లు ఎట్టా పెడతన్నాననుకున్నారు? నవ్వండి. నవ్వి, రాయండి నా మీద. నా మాట మీకు గిట్టదు. నా మాట వద్దు. డబ్బా చేసిన కంపెనీవాళ్ల మాట నమ్ముతారా?”

సంచిలోంచి డబ్బా తీశాడు. మేమెవ్వరం దాన్ని అంతవరకు చూడలేదు, పొడి ఎప్పుడూ పచ్చడి సీసాలో పోసుకుని తెచ్చేవాడు. డబ్బాని రెండు చేతులా పట్టుకుని, బైబిలు వాక్యం చదివినట్టు చదివాడు.

“గ్వారానా పుల్వర్. కింద చూడండి, ఇంతింత అక్షరాలు. ఎంట్‌కొఫెయినీయెర్ట్.”

ఏసుకుమారి అక్క పెన్ను కింద పెట్టింది. “ఇంకోసారి చదువు అన్నయ్యా.”

“ఎంట్‌కొఫెయినీయెర్ట్. అట్టా అడుగు. ఇది ఏ కోర్సులోనూ చెప్పరు, నా అంతట నేను పట్టుకున్నా. జర్మన్‌లో ముందు ఎంట్ వచ్చిందంటే, మనం ఎంతో అంటామే, అదే. ప్రతి డబ్బా మీదా ఎంట్‌హెల్ట్ అని ఉండిద్ది, లోపల ఎంతో ఉందని. కాలు తొక్కితే ఎంట్‌షుల్డిగుంగ్ అంటారు, ఎంతో తప్పయిపోయిందని. ఇదేమో ఎంట్‌కొఫెయినీయెర్ట్. ఎంతో కెఫీన్. మామూలు గ్వారానాలోనే కాఫీకి రెట్టింపైతే, దాని మీద మళ్లీ ఎంతో. మూడేళ్ల కింద ఆ క్రిస్మస్‌కే గోడౌన్‌లో తేదీ దగ్గర పడిందని ఇచ్చేస్తంటే, ఈ ఒక్క మాట చూసి నలభై డబ్బాలు తెచ్చుకున్నా.”

అక్క చెయ్యి చాపి డబ్బా తీసుకుంది. ఈసారి ఆయన ఇచ్చాడు. ఆవిడ వెనక్కి తిప్పి, కళ్లజోడు సర్దుకుని, సన్న అక్షరాలన్నీ చదివింది.

“అన్నయ్యా, షుల్డ్ అంటే తప్పు. ఎంట్ అంటే తీసెయ్యడం. ఎంట్‌షుల్డిగుంగ్ అంటే నా తప్పు తీసెయ్యండి అని అడగడం.”

“మరి ఎంట్‌హెల్ట్?”

“అది వేరే సంగతి. ఇది మాత్రం కెఫీన్ తీసేసిన పొడి. చిన్నపిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్లకీ కూడా ఇవ్వొచ్చని రాసుంది.”

కృపాల్ అన్న ఒక్కసారి పెద్దగా నవ్వి, ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు. అంకుల్ డబ్బా వైపే చూస్తున్నాడు.

“మరి మూడేళ్లు నేను దేంతో మేలుకున్నానమ్మా?” అన్నాడు.

ఆయనకి యాభై తొమ్మిదేళ్లు. ఇప్పటికీ వారం విడిచి వారం రాత్రి షిఫ్టుకి వెళ్తాడు, ఆదివారం మాత్రం అందరికంటే ముందు వచ్చి నీళ్లు పెడతాడు. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. నాకు సిగ్గేసింది.

అక్క మెల్లగా అంది, “ఇది మంచి మాటే అన్నయ్యా. నీ టీ వల్ల ఆవిడకేమీ కాలేదు. ఆ రోజు బీపీ మాత్ర మర్చిపోయారని ఆసుపత్రి కాగితంలోనే ఉంది. నీ పొడి సంగతి తేలక ఆగాను గానీ, కారణం దగ్గర అదే రాసేస్తా. పొడిలో కెఫీన్ లేదని ఒక్క వాక్యం, దాని కింద నీ సంతకం. కెటిల్ నీది. చూశావా, ఆ ఎంట్ కెఫీన్‌తో పాటు నీ మీద పడ్డ తప్పు కూడా తీసేసింది.”

ఆయన నా చేతిలో కెటిల్ వైపు చూశాడు. సహానా వైపు చూశాడు, కృపాల్ అన్న వైపు చూశాడు. ఆయన మెడ ఎర్రబడటం నేను చూశాను.

“ఏమని సంతకం పెట్టమంటావ్? నా పొడిలో ఏమీ లేదనా? తోటంతా కళ్లు మూసుకున్న పొడిలో ఏమీ లేదని నేను సంతకం పెట్టాలా? పెట్టను. రాయమ్మా. దడ ప్రకాశం టీ వల్లే వచ్చిందని రాయి.”

“అన్నయ్యా, కెటిల్ పోతుంది.”

“పోనీ. శామ్సన్‌నే కాసుకోనీ, మీరే తాగండి. కంపెనీవాడు ఏం తీశాడో, ఏం మర్చిపోయాడో మీకు తెలుసా? తాగినోణ్ణి నేను. ఆవిడ గుండెనడగండి, అది చెప్పిద్ది నా పొడి ఏందో.”

“గుండెనెందుకు నాయనా, నన్నడుగు,” అంది కృపాల్ అన్న అత్తగారు. అప్పటిదాకా ఆవిడ హీటర్ పక్కన శాలువా కప్పుకుని, తన గురించి కానట్టే వింటోంది. “నీ టీ నేను తాగలా. నోటి దాకా తెచ్చా గానీ వాసన పడలేదు. నువ్వు చూడకుండా ఆ కిటికీ దగ్గర పూలకుండీలో పోసేశా. నువ్వు బాధపడతావని ఎవరికీ చెప్పలేదు.”

అందరం కుండీ వైపు తిరిగాం. ఆ మొక్క ఎప్పట్లాగే తల వేలాడేసుకుని ఉంది.

“తాగలేదా?” అన్నాడు అంకుల్. ఆయనకి అసలు కోపం అప్పుడొచ్చింది. డబ్బా సంగతికి రాలేదు, చేప చెవుల సంగతికి రాలేదు, దీనికొచ్చింది. “అంబులెన్స్ వచ్చింది. వారం రోజులు నన్ను ముద్దాయిని చేసి కూచోబెట్టారు. పసిపిల్లోడి చేతిలో కెటిల్ పెట్టారు. ఇంతా చేసి, తాగనే లేదా? అయితే ఇంకేం కారణం కావాలి? అమ్మా ఏసుకుమారీ, నేను చెప్తా, నువ్వు రాయి. కారణం, ప్రకాశం పోసిన టీ తాగకపోవడం.”

అక్క బీపీ మాత్ర అనే రాసి, కాగితం ఆయన ముందుకి జరిపింది. పొడి గురించిన వాక్యం కనపడకుండా దాని మీద ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన సంతకం చేశాడు. తర్వాత నా చేతిలో కెటిల్ లాక్కుని, నేను కాచిన టీ సింకులో పారబోసి, కొత్తగా నీళ్లు పెట్టాడు. ఈసారి డబ్బాలోంచి రెండు చెంచాలు ఎక్కువే వేశాడు. మరిగాక కృపాల్ అన్న అత్తగారి కప్పు నిండా పోసి, ఆవిడ చివరి గుక్క మింగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.